మా అమ్మాయిని అడిగితే మేం చెప్పిన జవాబులు

మా అమ్మాయి హారికను అత్తవారింటికి పంపే రోజు ఉదయం ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. అప్పటికి హాల్లో సారె సర్ది ఉంది. ఒక బుట్టలో కాజాలు, ఇంకో బుట్టలో పూతరేకులు, స్టీలు డబ్బాలో సున్నుండలు. అల్లుడు వంశీ భీమవరం నుంచి కారు తీసుకొచ్చి కాఫీ తాగుతున్నాడు. కాన్పయ్యాక మూడో నెల, మంచి రోజు, వర్జ్యం రాకముందే తల్లీబిడ్డా గడప దాటాలి.

ఫోన్ నాది. చేసింది హారికకు పురుడు పోసిన ఆస్పత్రిలో కౌన్సెలర్.

"హారిక గారేనాండి?"

"నేను వాళ్ల నాన్ననమ్మా. చెప్పు, ఏంటి విషయం?"

"ఆవిడతోనే మాట్లాడాలండి. ఒక్కసారి ఇస్తారా?"

"నాకు చెప్పు, ఫర్వాలేదు. అన్నీ నేనే చూసుకుంటున్నాను."

"మీరు నాన్నగారైనా సరేనండి, ఆవిడకే చెప్పాలి. ఏమీ అనుకోకండి."

నేను రాజమండ్రిలో ఒక దినపత్రికలో రిపోర్టర్‌గా చేరి, డెస్క్‌లో రిటైరయ్యాను. చెప్పనన్నవాళ్ల చేత చెప్పించడం చాలా ఏళ్లు నా ఉద్యోగం. రెండు మూడు రకాలుగా అడిగి చూశాను. ఆ అమ్మాయి లొంగలేదు. ఫోన్ తీసుకెళ్లి హారికకు ఇచ్చాను. హారిక చెవిలో దూది తీసి పక్కన పెట్టి, వెనక గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

"ఈ టైములో ఎవరండీ? వర్జ్యం వచ్చేస్తుంది" అని మా ఆవిడ విజయ వంటింట్లోంచి కేకేసింది.

తలుపు తెరుచుకోవడానికి చాలాసేపు పట్టింది. బయటికొచ్చిన హారిక కళ్లు ఎర్రగా ఉన్నాయి. గొంతు మాత్రం నిలకడగా ఉంది.

"నాన్నా, నేను ఇవాళ భీమవరం వెళ్లను. ఆస్పత్రికి వెళ్దాం."

"ఆస్పత్రికా? ఎందుకే? ఒంట్లో జ్వరం కూడా లేదు కదా!" అంది విజయ.

"జ్వరం లేదమ్మా. నాకేమీ అనిపించట్లేదు. పాపను ఎత్తుకున్నా ఏమీ అనిపించట్లేదు. ఆవిడ అడిగితే అదే చెప్పాను."

వంశీ కాఫీ గ్లాసు కింద పెట్టి కారు తాళాలు తీసుకున్నాడు. ఇలాంటి అనుభవమే ఇంకో ఇంట్లో జరుగుతూ ఉండవచ్చని ఇది రాస్తున్నాను. రాయమన్నది హారికే. పేరు మారుస్తానంటే వద్దంది. చదివి రెండు చోట్ల దిద్దింది కూడా.

హారిక భీమవరంలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. మా ఇంట్లో ఎక్కువ మాట్లాడేది తనే. చుట్టాలందరి గొంతులూ అనుకరిస్తుంది. క్రికెట్ గురించి నాతో వాదానికి దిగితే భోజనం చల్లారిపోవలసిందే. పెళ్లయ్యాక మొదటిసారి గర్భం నిలవలేదు. రెండోసారి నిలిచింది. తొలికాన్పు పుట్టింట్లోనే కాబట్టి ఏడో నెలలో మా దగ్గరకు వచ్చింది. ఆస్పత్రి కూడా రాజమండ్రిలోనే చూసుకున్నాం.

ఆ ఆస్పత్రిలో అప్పుడే ఒక కొత్త కార్యక్రమం మొదలైంది. కాన్పు తర్వాత ఏ తల్లికి డిప్రెషన్ వచ్చే అవకాశం ఎక్కువో ముందుగా అంచనా వేయడం దాని ఉద్దేశం. తల్లి వయసు, థైరాయిడ్, బీపీ, హిమోగ్లోబిన్, అంతకుముందు గర్భం పోయిందా, కాన్పు ఎలా జరిగింది, బిడ్డ బరువెంత, ఇలాంటివన్నీ కంప్యూటర్‌లో చేరుస్తారు. కాన్పయ్యాక వారం వారం ఫోన్‌కి కొన్ని ప్రశ్నలు పంపి, ఆ జవాబులు కూడా కలుపుతారు. అంతా కలిపి ఒక స్టాటిస్టికల్ మోడల్ రిస్క్ స్కోర్ ఇస్తుంది. అది కౌన్సెలర్‌కి చేరుతుంది. ఒక విశ్వవిద్యాలయం వాళ్లు తయారు చేశారట. హారికకు వివరంగా చెప్పి, ఒప్పుకుంటేనే చేర్చుకున్నారు.

చేరేటప్పుడు ఫోన్ నంబరు అడిగారు. నాది ఇచ్చాను. తొలికాన్పు బాధ్యత పుట్టింటివారిది. బిల్లు కట్టేది నేను, ఆస్పత్రి వాళ్లు పిలిస్తే పరుగెత్తేదీ నేనే. మా వైపు ఏ తండ్రిని అడిగినా తన నంబరే చెబుతాడు.

నొప్పులు మొదలయ్యాక బిడ్డ గుండె వేగం తగ్గుతోందని అత్యవసరంగా సిజేరియన్ చేశారు. ఆడపిల్ల. ఊపిరి సరిగా అందడం లేదని కొన్నాళ్లు పసిబిడ్డల ఐసీయూలో, అదే ఎన్‌ఐసీయూలో ఉంచారు. హారిక వీల్‌చెయిర్‌లో వెళ్లి అద్దంలోంచి చూసి వచ్చేది. ఇంటికొచ్చాక విజయ తన తల్లి తనకు చేసినవన్నీ కూతురికి చేసింది. నువ్వుల నూనె మర్దనా, వేడినీళ్ల స్నానం, సాంబ్రాణి పొగ, వెల్లుల్లి కారంతో పథ్యం, చల్లగాలి తగలకుండా చెవుల్లో దూది. వెలుతురు ఎక్కువ పడకుండా గదికి తెర. అన్నిటికంటే గట్టి నియమం ఒకటుంది. బాలింత ఫోన్ చూడకూడదు. చూస్తే కళ్లు దెబ్బతింటాయి. హారిక ఫోన్ తీసి బీరువాలో పెట్టేసింది విజయ. రోజూ సాయంత్రం వంశీ మాట్లాడేది కూడా నా ఫోన్లోనే, అదీ కాసేపే.

దాంతో ఆస్పత్రి ప్రశ్నలు నా ఫోన్‌కి వచ్చేవి. విజయ కళ్లజోడు పెట్టుకుని వాటి ముందు కూర్చునేది.

"'ఈ వారం దేనికైనా సరదాగా అనిపించిందా' అంట. ఇదేం ప్రశ్నండీ? పసిపిల్ల ఉన్న ఇంట్లో సరదాకి లోటా?"

"నొక్కెయ్, బాగానే అనిపించిందని" అనేవాణ్ని నేను పేపర్లోంచి తల ఎత్తకుండా.

"'కారణం లేకుండా భయం వేస్తోందా' అంట. పురిటింట్లో అడగాల్సిన మాటలేనా ఇవి? శుభమా అని బిడ్డ పుడితే!"

"లేదని నొక్కు."

పక్క గదిలో ఉన్న మనిషిని అడగాలని మా ఇద్దరికీ తోచలేదు. మేం అబద్ధం చెబుతున్నామనీ అనుకోలేదు. బాలింత తరఫున తల్లి మాట్లాడటం మాకు అలవాటైన మర్యాద.

అప్పటికే లక్షణాలు ఉన్నాయి. పాప నిద్రపోయినా హారిక నిద్రపోయేది కాదు. పాప ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేది, మళ్లీ కాసేపటికి చూసేది. స్నానం నువ్వే పోయించమ్మా, నా చేతుల్లోంచి జారిపోతుందేమో అనేది. అమ్మమ్మ చేయాల్సిన పనే కాబట్టి విజయ సంతోషంగా పోయించేది. పాలిచ్చేటప్పుడు హారిక గోడ వైపు చూస్తూ కూర్చునేది. చూడ్డానికొచ్చిన చుట్టాలు, "తల్లయ్యాక పిల్ల ఎంత నెమ్మదించిందో" అని మెచ్చుకునేవారు. నేనూ అలాగే అనుకున్నాను. ఎప్పుడూ గలగలమనే మనిషి మౌనంగా ఉంటే మామూలుగా అయితే ఏమైందని అడుగుతాం. బాలింత కాబట్టి నీరసమేలే అనుకున్నాం.

ఇక ఆ రోజు సంగతి. ఆస్పత్రిలో సైకియాట్రిస్ట్ మొదట హారికతో ఒంటరిగా మాట్లాడారు. వంశీ పాపను భుజాన వేసుకుని వరండాలో తిరిగాడు. తర్వాత హారిక అనుమతి తీసుకుని మా అందరినీ లోపలికి పిలిచారు.

"పోస్ట్‌పార్టమ్ డిప్రెషన్ అండి. దాంతోపాటు యాంగ్జైటీ. ఇది మందులకీ, కౌన్సెలింగ్‌కీ బాగా లొంగుతుంది. మీరు భయపడాల్సిన పని లేదు, ఆలస్యం చేయాల్సిన పనీ లేదు" అన్నారామె. పాలిచ్చే తల్లి వాడదగ్గ మందు రాశారు. తనను తాను ఏమైనా చేసుకోవాలని గానీ, పాపను ఏమైనా చేయాలని గానీ ఆలోచన వచ్చిందా అని హారికను సూటిగా అడిగానని, ఇంతవరకు రాలేదని, వస్తే ఏ వేళైనా ఫోన్ చేయాలని మా ముందే మళ్లీ చెప్పారు. రక్తపరీక్షల్లో థైరాయిడ్‌కి చూసే టీఎస్‌హెచ్ పెరిగి ఉంది, హిమోగ్లోబిన్ తగ్గి ఉంది. వాటికీ మందులు మొదలుపెట్టారు.

నా పాత బుద్ధి ఊరుకోలేదు. "మేం అన్నిటికీ బాగుందనే జవాబు ఇచ్చాం కదండీ. మరి మీ మోడల్‌కి ఎలా తెలిసింది?" అని అడిగాను.

"తెలియలేదండి" అన్నారు డాక్టర్ గారు నవ్వి. "దానికి మీ అమ్మాయి మనసు తెలీదు. గర్భం పోయిన చరిత్ర, అత్యవసర సిజేరియన్, బిడ్డ ఎన్‌ఐసీయూలో ఉండటం, రక్తం తక్కువ, ఇవన్నీ కలిసిన తల్లుల్లో మామూలు కంటే ఎక్కువమందికి ఈ ఇబ్బంది వచ్చిందని మాత్రం దానికి తెలుసు. పైగా వారం వారం అన్ని ప్రశ్నలకీ ఒకటే జవాబు వస్తే, అంతా బాగుందని అది నమ్మదు. నిజంగా బాగున్న తల్లి కూడా ఒక వారం నిద్ర లేదంటుంది, ఒక వారం విసుగ్గా ఉందంటుంది."

విజయ నేల చూపులు చూసింది.

"అంటే స్కోర్ ఎక్కువ వచ్చిన వాళ్లందరికీ జబ్బు ఉన్నట్టేనా?" అన్నాడు వంశీ.

"కాదండి. మీది గోదావరి జిల్లానే కదా. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తే లంకలన్నీ మునిగిపోయాయనా అర్థం? సామాన్లు సర్దుకోండి, నీటిని కనిపెట్టుకుని ఉండండి అని. స్కోర్ ఎక్కువ వచ్చి, మేం ఫోన్ చేస్తే హాయిగా ఉన్న తల్లులు కూడా ఉన్నారు. వాళ్లతో కాసేపు మాట్లాడి పెట్టేస్తాం. జబ్బు నిర్ధారించేది మోడల్ కాదు, మనిషితో మాట్లాడాక డాక్టర్."

వరద వార్తలు ఎన్నో ఏళ్లు రాసినవాణ్ని. ఆ మాట నాకు వెంటనే ఎక్కింది.

ఆవిడ ఇంకో విషయం కూడా చెప్పారు. మోడల్ మొదట వచ్చినప్పుడు వేరే ప్రాంతాల డేటాతో తయారైందట. కాన్పు తర్వాత భర్తకు దూరంగా ఉంటున్న తల్లి అనగానే రిస్క్ పెంచేసేదట. "ఇక్కడ తొలికాన్పుకి అందరూ పుట్టింట్లోనే ఉంటారు కదండీ. అందరికీ ఎర్రజెండా చూపించేది. మా కౌన్సెలర్లు ఫోన్లు చేసి చేసి అలిసిపోయారు. ఇక్కడి తల్లుల డేటాతో మళ్లీ సరిచేశారు. అప్పుడు తేలిందేంటంటే, ఇక్కడ జాగ్రత్తగా చూడాల్సింది పుట్టింట్లో ఉన్న రోజులను కాదు, అక్కణ్నుంచి కదిలే రోజులను. కొత్త ఇల్లు, కొత్త చేతులు, అమ్మ పక్కన ఉండదు. అందుకే ప్రయాణం ముందు అందరికీ స్కోర్ చూసి, ఎక్కువున్న వాళ్లకి ఫోన్ చేస్తాం."

ఇంటికి రాగానే విజయ బీరువా తీసి హారిక ఫోన్ తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. హారిక దాన్ని ఛార్జింగ్‌కి పెట్టింది. ఆస్పత్రికి నంబరు మార్పించాం.

అసలు గట్టు ఇంకా దాటలేదు. వియ్యపురాలు సత్యవతి గారికి చెప్పాలి. ఆమె మాట కరుకు. స్పీకర్ పెట్టి విజయే మాట్లాడింది.

"ఏంటి వదినగారూ, వీధిలో అందరికీ చెప్పుకున్నాక ప్రయాణం ఆపేశారు? ఎవరో కంప్యూటర్‌లో లెక్క కట్టి చెప్పారనా?"

"కంప్యూటర్ కాదు వదినగారూ, డాక్టర్ గారు చూసి చెప్పారు. పిల్లకి నిద్ర లేదు, మనసు బాగోలేదు."

"మాకెవరికీ కాన్పులు కాలేదా? మనసులు బాగోకపోతే ఎవరు చూశారమ్మా మమ్మల్ని?"

వెటకారంగా మొదలుపెట్టిన ఆ మాట చివరకొచ్చేసరికి ఆమె గొంతు తగ్గింది. "సరే, అయిదో నెలలో పంపించండి. అప్పటిదాకా మావాడు వారం వారం వస్తాడు. కాజాలు మాత్రం వాడి చేత పంపించెయ్యండి, మెత్తబడిపోతాయి" అని పెట్టేశారు.

మందు వెంటనే పని చేయలేదు. మొదట్లో కడుపులో తిప్పినట్టు, తల బరువుగా ఉండేది. ఆపేస్తానంది. డాక్టర్ గారు కొన్ని వారాలు ఓపిక పట్టమన్నారు. మధ్యాహ్నాలు పాపను విజయ చూసుకుంటే హారిక తలుపేసుకుని నిద్రపోయేది. నిద్ర కూడా మందేనని, రోజూ ఇచ్చి తీరాలని కౌన్సెలర్ మాకు గట్టిగా చెప్పింది. సాయంత్రాలు నేనూ హారికా గోదావరి గట్టున కాస్త దూరం నడిచేవాళ్లం. వారం వారం వచ్చే ప్రశ్నలకు తనే జవాబులిచ్చింది. మొదట్లో అవి చూడటానికి బాగుండేవి కావట. స్కోర్ ఇంకా పెరిగింది. కౌన్సెలర్ మాత్రం సంతోషించింది, ఇప్పుడు నిజం చెబుతున్నారని.

ఒక ఆదివారం పాపకు ఉగ్గు పడుతూ, హారిక ఉన్నట్టుండి సత్యవతి గారి గొంతుతో "మాకెవరికీ కాన్పులు కాలేదా?" అంది. వంశీ పక్కనే ఉన్నాడు. నవ్వలేక ఆపుకోలేక బయటికి పోయాడు. విజయ వంటింట్లోకి వెళ్లి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

అయిదో నెలలో తల్లీబిడ్డా భీమవరం వెళ్లారు. కథ అక్కడ సుఖంగా ముగియలేదు. కాలేజీ తెరిచారు, హారిక ఉద్యోగంలో చేరింది. బాగున్నాను కదా అని ఎవరికీ చెప్పకుండా మందు ఆపేసింది. క్లాసుల మధ్య గబగబా ప్రశ్నలకు జవాబులు నొక్కేది. స్కోర్ తక్కువగానే ఉంది. ఆస్పత్రి నుంచి ఫోనేమీ రాలేదు.

ఫోన్ సత్యవతి గారి నుంచి వచ్చింది.

"అన్నయ్యగారూ, మీ కంప్యూటర్ ఏమైనా చెప్పిందా?"

"లేదండి. అంతా బాగుందనే ఉందట."

"అయితే దానికి తెలీదు. ఈ పిల్ల అన్నం కలుపుతోంది గానీ తినట్లేదు. పాప పడుకున్నాక వీధి గొళ్లెం చూసి రావడం, మళ్లీ లేచి చూసి రావడం. అడిగితే ఏం లేదత్తయ్యా అంటోంది. రేపు నేనే రాజమండ్రి తీసుకొస్తున్నాను. పాపకి వేడినీళ్లు కాచి ఉంచమనండి వదినగారిని."

అన్నట్టే తీసుకొచ్చారు. డాక్టర్ గది బయట బెంచీ మీద హారిక పక్కన కూర్చుని, "నాకు పెద్దాడు పుట్టినప్పుడు ఇలాగే ఉండేది. నూతి దగ్గరికి వెళ్లాలంటే భయం వేసేది. ఎవరికి చెప్పుకోను?" అన్నారు. హారిక ఆమె చెయ్యి పట్టుకుంది. వంశీకి కూడా ఆ సంగతి అప్పటిదాకా తెలియదు.

మోడల్ ఎందుకు పట్టుకోలేదని ఈసారి డాక్టర్ గారిని అడిగాను. ఆమె దాచలేదు. "కొందరిని అది వదిలేస్తుందండి. మాకు ఆ సంగతి తెలుసు. ఇంట్లో వాళ్ల కళ్లు పక్కన పెట్టెయ్యమని మేం ఎప్పుడూ చెప్పలేదు" అన్నారు. మందు మళ్లీ మొదలుపెట్టారు. ఇక తనంతట తాను ఆపనని హారిక మాటిచ్చింది. కోలుకోవడానికి ఈసారి తక్కువ సమయం పట్టింది.

ఇప్పుడు మా మనవరాలు పరుగులు పెడుతోంది. భీమవరంలో నాయనమ్మ దగ్గర ఉంటే అమ్మమ్మ కావాలంటుంది, ఇక్కడికొస్తే నాయనమ్మ కావాలంటుంది. డాక్టర్ గారి పర్యవేక్షణలో మందు కొద్దికొద్దిగా తగ్గించి ఆపేశారు. హారిక పాఠాలు చెప్పుకుంటోంది, నాతో క్రికెట్ గురించి పోట్లాడుతోంది. అప్పుడప్పుడు నిద్ర పట్టని రాత్రి వస్తే మర్నాడు వంశీకి చెబుతుంది. దాచదు.

చదివేవారికి ఒక్క మాట. మీ ఇంట్లో అమ్మాయి కాన్పుకు వస్తే, ఆస్పత్రిలో ఆమె సొంత నంబరే ఇవ్వండి, ఆ ఫోన్ ఆమె చేతిలోనే ఉంచండి. పథ్యం, స్నానం, మర్దనా అన్నీ మీ ఇష్టప్రకారం చేయండి. ఆమెను ఎవరైనా ఎలా ఉన్నావని అడిగితే మాత్రం జవాబు ఆమెనే చెప్పనివ్వండి.

మొన్న చివరి పరీక్షకు వెళ్లినప్పుడు హారిక ఒక ప్రశ్న అడిగింది. రెండో బిడ్డను కనాలని ఉంది, మళ్లీ ఇలా అవుతుందా అని. ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువేనని, ముందునుంచే జాగ్రత్తలు తీసుకోవచ్చని డాక్టర్ గారు చెప్పారు. హారికకు ఆ అవకాశం ఎంత అన్నది మాత్రం చెప్పలేకపోయారు. మోడల్‌ను ఇక్కడ సరిచేసింది తొలికాన్పుల డేటాతో. చికిత్స తీసుకుని కోలుకుని రెండోసారి తల్లులైనవాళ్లు అందులో ఇంకా సరిపడినంతమంది లేరు. హారికా వంశీ ఇంకా ఏమీ నిర్ణయించుకోలేదు.